విమల ఒప్పుకోలేదు

తునికాకును తడి ఆరకముందే కత్తిరించాలి. పొద్దున్నే నానబెట్టి గోనెపట్టాలో చుట్టి ఉంచిన ఆకును ఖమర్ బీ ఒడిలో వేసుకుని, రేకు ముక్కను కొలతగా ఆనించి, కత్తెరతో చకచకా కోస్తోంది. ఆమె కూతురు నజ్మున్నీసా, మా అందరికీ నజ్మా, ఆ ముక్కల్లో చిటికెడు తంబాకు పోసి చుడుతోంది. పక్కింటి పుష్పమ్మ చుట్టిన బీడీల మూతులు మడుస్తూ నా వైపు చూసింది.

"ఇగ షురూ చెయ్యి కృపమ్మా. ఆ విమలను బావికాడ ఇడిసిపెట్టి వారమాయె. కాళ్ళు గుంజుతుంటయి పాపం."

నేను పత్రిక తెరిచాను.

అది 1948 ఎండాకాలం. చిలకలగూడలో ఖమర్ బీ ఇంటి ముందు గదులు రెండూ మా మార్తక్కవాళ్ళు అద్దెకు తీసుకున్నారు. మా బావ యెషయా రైల్వే వర్క్‌షాపులో పనివాడు. ఊళ్ళో ఏ రాత్రి ఎవరు వచ్చి తలుపు కొడతారో తెలియని రోజులవి. అందుకని నాన్న నన్ను తెచ్చి అక్క దగ్గర వదిలాడు. మా ఊరి మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఆ వాకిట్లో ఆడవాళ్ళలో తెలుగు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బీడీ చుట్టడం మాత్రం రాలేదు. నేను చుట్టిన బీడీ చూసి పుష్పమ్మ "గిది తాగెటోనికి ముందుగాల దండం పెట్టాలె" అనేది.

అందుకని ఒక ఒప్పందం కుదిరింది. వాళ్ళు చుట్టాలి, నేను చదవాలి. చదివినంతసేపు చదివి పత్రిక మూశాక, ముగ్గురూ తలా పిడికెడు బీడీలు నా చాటలో వేసేవాళ్ళు. అట్లా నా పేరు మీద కూడా కట్టలు కార్ఖానాకు వెళ్ళేవి.

పత్రిక మద్రాసుది. బెజవాడ బండిలో ఎవరో ప్రయాణికులు చదివి వదిలేస్తే, బావకు తెలిసిన గార్డు ఒకాయన తెచ్చి ఇచ్చేవాడు. అందులో ఒక నవల వారం వారం వస్తోంది. విమల అనే తల్లీతండ్రీ లేని పిల్ల, మేనమామ ఇంట్లో పెరుగుతోంది. బడి పంతులు ఒకాయన మీద మనసు పెట్టుకుంది. మేనమామేమో ఆస్తి ఉన్న ముసలాయనకు ఇచ్చి చెయ్యాలని చూస్తున్నాడు. రాసినాయన భాష పట్టుబట్టలా మెత్తగా ఉండేది. "ప్రాణనాథా" అని వచ్చినప్పుడల్లా పుష్పమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. "నేను మా ఆయన్ను గట్ల పిలిస్తె దయ్యం పట్టిందని ఏపమండలతోని కొడతడు" అనేది. నవ్వేది గానీ, ఒక్క వారం కూడా మానేది కాదు.

జూన్ నెలలో పత్రిక రావడం ఆగిపోయింది. ఇవతల రజాకార్ల లారీలు, అవతల సరిహద్దు మీద కట్టడి. బెజవాడ బండ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఉప్పుకే కటకటగా ఉన్నప్పుడు నవల ఎవరికి కావాలి అంటారేమో. ఆ వాకిట్లో వాళ్ళకు కావాలి.

కథ లేకపోయేసరికి మధ్యాహ్నాలు పాడుబడ్డాయి. కత్తెర చప్పుడు, దూరంగా లారీల చప్పుడు. మాట్లాడితే ఒకటే మాట, నజ్మా పెళ్ళి. ఖమర్ బీ తమ్ముడు ఇమాం వలి గడియారాలు బాగుచేసేవాడు. నజ్మా తండ్రి పోయాక ఆ ఇంటిని కాసుకున్నది ఆయనే. పండక్కి బట్టలు, జ్వరానికి మందు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ఇప్పుడు తన భార్య అన్న సుభాన్‌కు నజ్మాను ఇచ్చి చెయ్యాలంటున్నాడు. సుభాన్‌కు నలభై ఆరేళ్ళు, భార్య పోయింది, తోళ్ళ వ్యాపారం. కరాచీలో దుకాణం చూసుకున్నాడు. నజ్మాకు ఇరవై.

"మంచోడే" అనేది ఖమర్ బీ, ఆకు మీద నుంచి కళ్ళెత్తకుండా.

"మంచోడే. మా తాత సుత మంచోడే ఉండె" అనేది పుష్పమ్మ.

నజ్మా ఏమీ అనేది కాదు. ఆమె చేతులు మాత్రం తంబాకు ఎక్కువ పోసేవి, తియ్యడం మరిచిపోయేవి. ఒకరోజు అట్లా చూస్తూ చూస్తూ నేను లోపలికి వెళ్ళి, పెట్టె అడుగున ఉన్న ఆఖరి సంచిక తీసుకుని బయటికి వచ్చాను.

"కొత్తది వచ్చింది" అన్నాను.

ఎట్లా అనగలిగానో నాకే తెలియదు. నేను పెద్దగా మాట్లాడే దాన్ని కాదు. చదివేటప్పుడే నా గొంతు బయటికి వచ్చేది.

మొదటి రోజు కథ ఏమీ బాగాలేదు. ఆ నవల రాసినాయనలాగే వెన్నెలను, మల్లెలను, కోయిలను అన్నింటినీ తెచ్చి పోశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పుష్పమ్మ ఆవులించింది. నాకు భయం వేసి, ఏదో ఒకటి అనాలని, విమల ఆ పంతులు రాసిన చీటీని బియ్యం కుండలో అడుగున దాచింది అన్నాను. మామ భార్య సోలతో బియ్యం కొలవడానికి వచ్చింది అన్నాను.

కత్తెర ఆగింది.

"ఎన్ని సోలలు తీసింది?" అంది ఖమర్ బీ.

ఆ రోజు నాకు నా పని తెలిసింది. చేతులు ఆగితే మాట నిలబడ్డట్టు. ఆగకపోతే ఎంత అందమైన మాటైనా తీసి పారెయ్యాలి. పొద్దున పిండి విసురుతూ మధ్యాహ్నం కథ అల్లుకునేదాన్ని. కాగితం మీద పెట్టేదాన్ని కాదు, పెడితే దొరికిపోతాను. ఎవరు కోపంలో చెంబు ఎట్లా పెడతారో, ఏడుపు ఆపుకునే మనిషి ఏ పని నెత్తిన వేసుకుంటుందో చూసి గుర్తుపెట్టుకునేదాన్ని. ఇప్పటికి నావి మూడు నవలలు అచ్చయ్యాయి. మూడూ ప్రేమకథలే. ఇప్పటికీ ఒక ప్రకరణం అయ్యాక, ఎదురుగా ఏదో ఒక పని చేసుకుంటున్న మనిషి కూర్చుంటే తప్ప అది బాగుందో లేదో నాకు తెలియదు. మొదటి నవలకు అచ్చువేసే ఆయన, "చివర్లో ఆ పిల్ల చేత మామకు క్షమాపణ చెప్పించమ్మా, కుటుంబాలు కొంటాయి" అన్నాడు. చెప్పించలేదు. రెండేళ్ళు అది నా ట్రంకుపెట్టెలోనే ఉంది, ఇంకొకాయన దొరికేదాకా.

ఆషాఢంలో కార్ఖానా నుంచి నజ్మా కట్టలు కొన్ని తిరిగొచ్చాయి. చుట్టు వదులుగా ఉందట.

"ఉండదా మరి? గివన్ని విమల ఏడ్సినప్పుడు చుట్టినయి" అంది పుష్పమ్మ.

ఆ సాయంత్రమే, నల్లా దగ్గర బిందె నిండుతుంటే నజ్మా అడిగింది.

"కృపా, మామ గట్టిగ నిలబెట్టి అడుగుతె విమల ఏం జేస్తది?"

"వచ్చే వారం పత్రిక వస్తే తెలుస్తది."

"పత్రిక మాట ఇడువు. నీకేమనిపిస్తది?"

నీకేమనిపిస్తది అని అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. బిందె నిండి పొర్లిపోతోంది.

"ఒప్పుకోదనిపిస్తది" అన్నాను.

"అన్నం పెట్టినోడు గద. నోరెట్ల వస్తది?" నజ్మా బిందె చంకకెత్తుకుంది. "మాలో నికా నాడు ముగ్గురొస్తరు. ఒక పెద్ద, ఇద్దరు గవాలు, సాక్షులన్నట్టు. కబూలేనా అని మూడుసార్లు అడుగుతరు. పిల్ల సిగ్గుపడి మాట్లాడకపోతె ఒప్పుకున్నట్టే. మాట్లాడకపోవుడు అల్కగ ఉంటది. కాదనుడే తక్లీఫ్."

ఆ ఒక్క మాట కోసం నేను రెండు వారాలు కష్టపడ్డాను. విమలను మామ ముందు నిలబెట్టి, మొదట ఏడిపించాను, తర్వాత ఆమె చేత దేవుణ్ణి తలపించాను, తర్వాత రుణం గురించి పెద్ద ఉపన్యాసం చెప్పించాను. ఏదీ ఆమె నోటికి అతకలేదు. అన్నీ తీసేశాను. చివరికి విమల, "నాకు ఇష్టం లేదు. రేపు అడిగినా ఇదే చెప్తా" అని, వడ్డిస్తున్న అన్నం వడ్డిస్తూనే ఉంది.

మూడు జతల చేతులూ ఆగాయి. నజ్మా చాటలోంచి తంబాకు నేల మీద పోయింది. ఎవరూ ఎత్తలేదు.

సెప్టెంబరులో విమానాలు వచ్చాయి. బేగంపేట వైపు నుంచి చాలా కిందుగా, మా రేకుల కప్పులు అదిరేటట్టు తిరిగాయి. అయిదు రోజులు ఎవరూ వాకిలి దాటలేదు. అయిదో రోజు సాయంత్రం నిజాం ప్రభుత్వం లొంగిపోయిందని రేడియో చెప్పిందన్నారు. వీధిలో కొందరు మిఠాయి పంచారు, కొందరు తలుపులకు గడియలు వేసుకున్నారు. మరునాడు యూనియన్ సైన్యం బండ్లు సికింద్రాబాద్ రోడ్ల మీద బారులు తీరాయి. జిల్లాల్లో ముస్లిముల ఇళ్ళ మీద పడుతున్నారని కబుర్లు వచ్చేవి. ఖమర్ బీ పుట్టిన ఊరి కబురు వచ్చిన రోజు ఆమె ఆకు కొయ్యలేదు.

ఆ తెల్లవారి లేచి చూస్తే, ఖమర్ బీ గడప ముందు పెద్ద ముగ్గు ఉంది. పుష్పమ్మ ఆ ముగ్గు పక్కనే పీట వేసుకుని, చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"ఇదేందే?" అంది ఖమర్ బీ.

"నా ముగ్గు. ఎవడన్న వచ్చి అడిగితె ఇది నా ఇల్లు. నువ్వు నాకు కిరాయి కట్టాలె, యాదుంచుకో."

నాలుగు రోజులు పుష్పమ్మ అట్లాగే కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చుని విమల కథ చదివాను.

ఇమాం వలి దుకాణం మళ్ళీ తెరవలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని ఖమర్ బీ ముందు నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"ఆపా, టికెట్లు దొరికినయి. బొంబయి దాకా రైలు, ఆడికెల్లి జహాజు. సుభాన్ ఒప్పుకున్నడు. వచ్చే జుమ్మా నాడు నికా, ఐతవారం బయలుదేరుడు. నజ్మాను ఈడ ఇడిసిపెట్టి నేను పోలేను."

"పిల్లను అడిగినవా?" అంది ఖమర్ బీ.

"మొన్న అడిగితె ఏమంటది? విమల ఒప్పుకోలే అంటది. ఎవలీ విమల? ఏ గల్లీ పిల్ల?"

పుష్పమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తలెత్తలేదు.

సరిగ్గా అప్పుడే మా బావ వచ్చాడు. బండ్లు మళ్ళీ నడుస్తున్నాయి. ఆయన చంకలో సుతిలి తాడుతో కట్టిన పత్రికల కట్ట ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"బీబీ! గార్డు సాబు నాలుగు నెలలవి జమజేసి పెట్టిండు. ఇగో మీ విమల! ఇయ్యాల నేనే సదువుత, ఇనుండ్రి."

బావ కూర్చుని, తాడు విప్పి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒక పేజీ అయింది. బావే ఆగాడు.

"ఇదేంది? చీటీ బియ్యం కుండల పెట్టిందని మార్త చెప్పింది గద? ఇందుల కుండ లేదు, బియ్యం లేవు." ఇంకో సంచిక తీశాడు, ఇంకొకటి తీశాడు. ఆఖరిది తీసి పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "బండ్లే రాలే ఇన్ని రోజులు. నువ్వేం సదివినవ్?"

నేను నా చాటను పక్కకు జరిపాను.

"ఐతవారం వాక్యం సదివే గొంతుతోనే గదనే గీ అబద్ధాలు సదివింది! కొత్త పుస్తకమొచ్చిందని చెప్పి, సదువురానోళ్ళను మోసం జేసి, వాళ్ళు చుట్టిన బీడీలు చాటల ఏసుకున్నవ్. సిగ్గు లేదా? ముగ్గురి కాళ్ళు మొక్కు. ఇగ కథలు బంద్. లేకుంటె రేపటి బండికి ఊరికి పో."

ఇమాం వలి బావ చేతిలో పత్రిక చూశాడు. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. "ఆఖరుకు ఏమైంది భాయ్? అచ్చుల ఆ పిల్ల ఏమన్నది?"

"ఏమన్లే. తల వంచుకున్నది. లగ్గమైంది."

"ఇన్నవా ఆపా?" ఇమాం వలి ఖమర్ బీ వైపు తిరిగాడు. "అచ్చుల పిల్ల ఒప్పుకున్నది. కాదన్నది కిరస్తానీ పోరి. ఆమె మాట వట్టుకొని ఇంటి పిల్ల ఎదురు తిరిగింది."

నేను బావ చేతిలోంచి ఆఖరి సంచిక తీసుకున్నాను. ముసలాయన ఇల్లు, మంగళవాద్యాలు, విమల కళ్ళలో రెండు కన్నీటి బొట్లు, త్యాగం గురించి ఆఖరి వాక్యం, ఒక్క అక్షరం తప్పకుండా అంతా చదివాను. ఆయన కథను ఆయన రాసినట్టే చదవాలి కదా. తర్వాత పత్రిక మడిచి బావకు ఇచ్చేశాను.

"ఇది ఆయన కథ. మీరు విన్నది నాది. పుస్తకంలో ఉన్నదని చెప్పిన, అది అబద్ధం. దానికి కాళ్ళు మొక్కుత. కథకు మొక్క. విమల ఒప్పుకోలేదు. నేనట్లనే చెప్పిన, రేపు కూడా అట్లనే చెప్త."

అంత పొడుగు మాట నా సొంతంగా నేను పుట్టాక అనలేదు. బావ నోరు తెరిచాడు, కానీ ముందు మాట్లాడింది ఖమర్ బీ.

"కూసో యెషయా, జెర నీళ్ళు తాగు. మోసం ఎవలు జేసిండ్రు?" కత్తెర పక్కన పెట్టింది. "మాకు అచ్చరాలు రావు గని కండ్లున్నయి. పత్రిక ఇట్ల ముఖానికి అడ్డం వట్టుకొని సదువుతది గద. దాని ఎనక దిక్కు అట్ట మాకు కనవడ్తది. తలనూనె సీసా, పక్కన జుట్టిరబోసుకున్న అమ్మగారు. పద్నాలుగు వారాలు గదే సీసా, గదే అమ్మగారు."

"నూనె ఒక్క చుక్క తగ్గలే" అంది పుష్పమ్మ.

నేను గోడకు ఆనుకున్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు వెనక అట్ట కనిపిస్తుందన్న ఆలోచన అన్ని వారాల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు. అందరి చేతులూ చూశాను, నా చేతిలో ఉన్నది చూసుకోలేదు.

"మొదటి వారమే ఎరుకైంది" అంది పుష్పమ్మ. "చెప్తె సిగ్గువడి ఆపుతదని ఊకున్నం. విమల మన తీరు మాట్లాడవట్టె, మనమెందుకు చెడగొట్టాలె?"

నజ్మా అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇమాం వలి ఆమె వైపు చూశాడు.

"నువ్వు సుత ఎరుకయ్యే విన్నవా బేటా?"

నజ్మా తలూపింది. ఇమాం వలి టోపీ పెట్టుకున్నాడు. "జుమ్మా నాడు వస్త. నమాజ్ కాంగనె" అని వెళ్ళిపోయాడు.

బావ నాతో మాట్లాడటం మానేశాడు. అక్క నా కంచం ఆయన కంచానికి దూరంగా పెట్టింది. ఖమర్ బీ ఏమీ అడగకుండా నా ట్రంకుపెట్టెను తన గదిలోకి జరిపించింది. అప్పటి నుంచి నేను అక్కడే ఉన్నాను. ఇది కూడా ఆ గదిలోనే రాస్తున్నాను.

శుక్రవారం దాకా నేను కథ చెప్పలేదు. వాళ్ళు అడగలేదు. నజ్మా ఎప్పుడూ లేనంత గట్టిగా, నున్నగా బీడీలు చుట్టింది. నాకు భయంగా ఉండేది. అబద్ధమని తెలిసి విన్నదానికి బలం ఎంత ఉంటుంది? అచ్చులో ఉంటే పదిమంది ముందు నిలబడి చూపించవచ్చు. పక్కన కూర్చుని పిండి విసిరే పిల్ల చెప్పిన మాటను ఎవరికి చూపిస్తుంది?

నమాజు అయ్యాక ముగ్గురూ వచ్చారు. ఇమాం వలి, ఆయన వెనక ఇద్దరు సాక్షులు. సుభాన్, ఖాజీ మసీదు దగ్గరే ఆగారట. ఖమర్ బీ తలుపు తీసి, కూర్చోమని చాప పరిచి, పక్కకు జరిగి నిలబడింది. ఎరుపు దుపట్టా నజ్మా ఒడిలో మడిచినట్టే ఉంది. పుష్పమ్మ, నేను గడప దగ్గర ఉన్నాం.

ఇమాం వలి కళ్ళు మూసుకుని అడిగాడు. సుభాన్ పేరు, అతని తండ్రి పేరు, పిల్లకు ఇచ్చే మెహర్ సొమ్ము చెప్పి, "కబూలేనా?" అన్నాడు.

నజ్మా మాట్లాడలేదు. సాక్షుల్లో ముసలాయన గడ్డం నిమురుకుని, సిగ్గు అన్నట్టు చిన్నగా నవ్వాడు.

రెండోసారి అడిగాడు. నజ్మా చేతులు ఒడిలో కదలకుండా ఉన్నాయి. ఆమె పెదాల మీద విమల మాట కోసం చూస్తున్నాను. రెండు వారాలు కష్టపడి చేసిన మాట అది. అనమని మనసులో మొక్కుతున్నాను.

మూడోసారి ఇమాం వలి "కబూలేనా బేటా?" అన్నాడు.

"లేదు మామూ" అంది నజ్మా. తల ఎత్తి ఆయన ముఖంలోకే చూసింది. "నువ్వు ఉండలేవు, నాకెరుకే. పో. నేను దువా చేస్త. గని నీ భయానికిచ్చి నన్ను నికా చేస్తవా?"

అది విమల మాట కాదు. నేను చెప్పినదానికన్నా చాలా బాగుంది. నా తలలో అన్ని వారాలు వెతికినా అది దొరికేది కాదు.

సాక్షులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలాయన ఏదో అనబోతే ఖమర్ బీ చెయ్యి అడ్డంగా ఎత్తింది. ఇమాం వలి టోపీ సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా లేచాడు. ఖమర్ బీ ముందు ఆగి, కూతురులా పెంచిన పిల్ల ముందు ఆగి, ఆమె తల మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కొంచెంసేపు అక్కడే ఉంది.

పుష్పమ్మ, నేను దారి ఇచ్చాం. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, గడప దాటి మసీదు వైపు వెళ్ళిపోయాడు.